రంగు దిగిన చేపలు

మా వదిన ఉరుకుందమ్మ చేతికి చీర అందిందంటే అందులో తప్పు దాక్కోవడానికి చోటు ఉండదు. ఎమ్మిగనూరులో ఒక సావుకారు ఇంట్లో ఇరవై ఆరేళ్లు ఆమె పని అదే. నేతగాళ్లు వారానికొకసారి చీరలు తెచ్చి అరుగు మీద పెడితే, ఒక్కొక్కటీ విప్పి, తిరగేసి, వేళ్ల సందున లాగి చూసేది. కుడిపక్క పెడితే సావుకారు తీసుకుంటాడు. ఎడమపక్క పెడితే నేసినవాళ్లు చంకన పెట్టుకుని పోవాల్సిందే. అంచు ఒకచోట బియ్యపు గింజంత లోపలికి పోయినా ఆమెకు తెలిసిపోయేది. అన్నిటికంటే పడనిది రంగు దిగడం. తెల్లగుడ్డ తడిపి అంచు మీద రుద్దేది. గుడ్డకు రవ్వంత ఎరుపు అంటినా ఆ చీర ఎడమపక్కకే.

మూడేళ్ల కింద సావుకారు మగ్గాలు ఎత్తేశాడు. వదినకు పని పోయింది, కన్ను మాత్రం పోలేదు. పని లేని కన్ను ఇంట్లో ఉంటే ఏమవుతుందో నన్నడగండి. నేను పోస్టాఫీసుకు బయల్దేరుతుంటే నా చొక్కా కాలరు తిప్పి కుట్లు లెక్కబెట్టేది. మా ఆవిడ దుప్పట్లు ఆరేస్తే వెనకవైపు చూసి, "ఎవురమ్మినారు నీకు ఇది?" అని అడిగేది. పెళ్లిళ్లలో పెళ్లికూతురి కొంగు పట్టుకుని చూసి, ఏమీ అనకుండా వదిలేసేది. ఆ ఏమీ అనకపోవడం వల్ల రెండు పెళ్లిళ్లలో వియ్యపురాళ్ల మధ్య మాటలు లేకుండా పోయాయి.

మా అన్న పోయి ఆరేళ్లు. ఆయన మగ్గాల కొట్టం ఖాళీగా పడి ఉండేది. వదిన కూతురు యామిని బీఎస్సీ చదివి వచ్చి, మగ్గం గుంటలు రెండింటికీ సిమెంటు పూయించి, పక్కన మరో నాలుగు తొట్లు కట్టించి, గోల్డ్ ఫిష్ పెంచడం మొదలుపెట్టింది. మామూలు రకం కాదు. తల మీద తలపాగా చుట్టినట్టు కండ పెరిగే రకం. ఒరండా అంటారట. మా వీధిలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అదీ వస్తే. అందుకని ప్రహరీ అవతల ఉండే గంగక్క రోజూ ఒక మాట విసిరేది.

"మాకు తాగను నీళ్లు లేవు. మీరు చేపలకు ఈత నేర్పిస్తాండారా?"

గంగక్క కూడా ఒకప్పుడు అదే సావుకారుకు నేసింది. ఇప్పుడు రెండు గేదెలు పెట్టుకుని పాలు పోస్తోంది.

ఫిబ్రవరిలో గుడ్లు పగిలి పిల్లలయ్యాయి. పిల్లలు వేలల్లో పుడతాయి. అందులో పనికొచ్చేవి పదో పరకో. మిగతావి ఏరిపారేయాలి. ఆ ఏరడమే ఈ వ్యాపారమంతా. కర్నూలులో చేపల దుకాణం ఉన్న మస్తాన్‌వలి ముప్పై మంచి చేపలు అడిగాడు. అవి నచ్చితే ప్రతి ఈతలో పుట్టే పిల్లల్నీ తనే తీసుకుంటానన్నాడు.

యామిని వాళ్లమ్మను కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మా, ఈసారి ఏరేది నువ్వే. కుదిరితే ఈ పని నీదే, నేను వేలు పెట్టను. కుదరకపోతే మద్రాసులో ఒకాయన ఉండాడు, నెలకొకసారి వచ్చి ఏరిపోతాడంట. ఆయన్ను పిలుస్తా."

వదిన లేచిపోయి ముఖం కడుక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని వచ్చింది. మూడేళ్ల తర్వాత ఆమె కళ్లద్దాలు అలా తుడుచుకోవడం అప్పుడే చూశాను. ఆ పని ఆమెకు ఎంత కావాలో నాకు అర్థమైంది. అర్థం కావడం వేరు, పక్కన కూర్చుని ఆ పాఠాలు వినడం వేరు.

తెల్ల బేసిన్‌లో నాలుగు చేప పిల్లల్ని వేసి యామిని మొదలుపెట్టింది. "పక్కనుంచి చూడొద్దు. పైనుంచి చూడాల."

"పెండ్లిచూపులకు పోయినోళ్లు మొగం చూడకుండా నెత్తి చూస్తారేంటికమ్మే?"

"చేపకు అంతే. తోక చూడు. రెండుగా చీలి, ఈపక్క ఎంత ఉంటే ఆపక్క అంత ఉండాల."

"రెండంచులూ సమానం అని చెప్పరాదా." వదిన చెయ్యి బేసిన్‌లోకి పోయింది. యామిని ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"చేత్తో పట్టొద్దు."

"పట్టకుండా నాణ్యం ఎట్ల తెలుస్తాది?"

"కండ్లతో."

"కండ్లతో చూద్దామంటే ఇది ఒకచోట నిలబడదే. చీర ఎప్పుడన్నా ఇట్ల పరిగెత్తిందా?"

పది రోజులు ఇదే వరస. బేసిన్ ముందు పీట వేసుకుని వదిన, ఎదురుగా యామిని, మధ్యలో నీళ్లు మార్చడానికి నేను. చేప ఇటు తిరిగితే వదిన అటు వంగేది. వదిన అటు వంగితే చేప ఇటు తిరిగేది. ఆమె మెడ పట్టేసింది. నా నడుము పట్టేసింది. యామిని గొంతు పోయింది. వాళ్లిద్దరి మీదా నాకెంత విసుగొచ్చిందంటే, సెలవు రోజున కూడా పోస్టాఫీసు గుర్తుకొచ్చేది.

పదకొండో రోజు వదిన తల ఎత్తకుండానే అంది. "యామినీ, ఇది నేరుగా పోయేటప్పుడు చూస్తే లాభం లేదు. మళ్లుకునేటప్పుడు చూడాల. తోకలో మడత ఉంటే అప్పుడు బయటపడతాది."

యామిని వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఆ సంగతి తనకు ఎవరూ చెప్పలేదట. తను చదివిన దాంట్లో కూడా లేదట. "సరే, నాకిక నమ్మకం కుదిరింది" అని, ఇరవై ఐదు రోజుల శిక్షణ ఏదో ఉంటే కాకినాడ బయల్దేరింది. పోతూ పోతూ ఒక కాగితం రాసి గోడకు అంటించింది. తోక, వీపు, రెక్కలు, ఈత. నాలుగే మాటలు. రంగు అన్న మాట అందులో లేదు. ఆ పిల్లకు అది చెప్పాల్సిన సంగతి అనిపించలేదు.

అప్పటికి పిల్లలన్నీ నల్లగా, మాడిన ఇత్తడి గిన్నె అడుగులా ఉన్నాయి. తల్లీ తండ్రీ మాత్రం ఎర్రగా నిగనిగలాడేవి. నేనొకసారి అడిగాను కూడా. "పెద్దవి ఎర్రగా ఉండాయి గదా వదినా, ఇవేమి ఇట్ల ఉండాయి?"

"ఎర్ర మేకకు నల్లపిల్ల పుట్టదా నారాయణా?"

పుడుతుంది. కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ ప్రశ్నను ఇంకొక్క అడుగు ముందుకు లాగి ఉంటే ఈ కథ లేదు. నా తెలివి ఎప్పుడూ అలాగే, గుమ్మం దాకా వచ్చి చెప్పులు వేసుకుని వెనక్కి పోతుంది.

వదిన తోకలు చూసి, వీపులు చూసి, నిర్దయగా ఏరింది. ఏప్రిల్ నెల నడిమికి వేలల్లోంచి నూటపది మిగిలాయి. అవి నిజంగా బాగున్నాయి. నాకే తెలుస్తోంది బాగున్నాయని. ఆ రోజుల్లోనే ఒక పొద్దున కొట్టంలోంచి కేక వినిపించింది.

"నారాయణా, నీ జేబుగుడ్డ తీసుకోనిరా."

పోయాను. వదిన ముఖం చావు కబురు విన్నట్టుంది. ఒక చేపపిల్ల పొట్ట కింద పసుపుపచ్చ కనబడుతోంది. నలుపు అక్కడి నుంచి పైకి చెదిరిపోతూ ఉంది.

"రంగు దిగుతాండాది" అంది వదిన, పక్కింటికి వినబడకుండా.

నా తెల్ల జేబుగుడ్డ తడిపింది. చేపను అరచేతిలో నీళ్లతో సహా ఎత్తి, పసిబిడ్డ బుగ్గ తుడిచినట్టు గుడ్డతో ఒక్కసారి అద్ది, మళ్లీ నీళ్లలో వదిలింది. గుడ్డను వెలుగులోకి పట్టి చూసింది. ఏమీ అంటలేదు. నాకు చూపించింది. వాసన చూసింది. నన్నూ చూడమంది. ఆఫీసుకు ఇస్త్రీ చేసి పెట్టుకున్న గుడ్డ, చేప వాసన. ఆ రోజు మనియార్డర్ల కౌంటర్లో జనం నాకు కొంచెం దూరంగానే నిలబడ్డారు.

మర్నాటికి పసుపు ఇంకా పాకింది. ఇంకో పది చేపలకు మొదలైంది. "గుడ్డకు అంటదు. అయినా దిగుతాది. ఇట్లాంటి మోసం రంగు నా ఇరవై ఆరేండ్లలో చూడలేదప్పా" అంది. రోజూ పొద్దున్నే వచ్చి, పొట్ట పచ్చబడ్డవాటిని ఒక్కొక్కటే పట్టి బకెట్లో వేసేది. యామిని ఫోన్ చేస్తే, "చెడ్డవి తీసేస్తాండా" అని చెప్పేది. ఏమి చెడ్డవి అని ఆ పిల్ల అడిగితే, "నాకు తెల్దా?" అని పెట్టేసేది. చీర రంగు గురించి తనను అడిగే హక్కు కూతురికి కూడా లేదని ఆమె అభిప్రాయం. చేప చీర కాదన్న సంగతి అప్పటికి మర్చిపోయింది.

వారంలో యాభై ఎనిమిది చేపలు బకెట్‌లోకి వెళ్లాయి. వాటిని చంపడానికి మనసొప్పలేదు. గంగక్క గేదెలకు నీళ్లు తాపే పెద్ద సిమెంటు తొట్టి ప్రహరీ అవతలే ఉంది. అందులో దోమ పిల్లలు ఉన్నాయని మున్సిపాలిటీ వాళ్లు వచ్చి గంగక్కను కోప్పడిపోయారు. చేపలు వేస్తే దోమ పిల్లల్ని తింటాయి. కాబట్టి బకెట్ అక్కడికి, మోసేవాణ్ణి నేను.

"ఊరికే ఇస్తాండారా?" అంది గంగక్క.

"పనికిరానివిలే గంగక్కా. రంగు దిగేవి" అన్నాను నేను, ఆ పని అంతా నాకే తెలిసినట్టు.

గంగక్క నా వైపు ఒక చూపు చూసింది. "రంగు దిగేవా. ఉరుకుందమ్మ చెప్పిందా?"

"ఆమె కాకపోతే ఎవురు చెప్తారు?"

ఆమె తొట్టిలో పోయమని చేత్తో చూపించింది. ఆ చూపు ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

మే మొదటి వారంలో పొద్దున బస్సుకు యామిని దిగింది. పది గంటలకు మస్తాన్‌వలి ఆక్సిజన్ సంచులూ అట్టపెట్టెలూ పట్టుకుని వచ్చాడు. వదిన ఉతికిన చీర కట్టుకుని, తెల్ల బేసిన్ తోమి పెట్టుకుని, కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది. తల్లీ తండ్రీ చేపలుండే పెద్ద తొట్టికి ఎందుకో వేపమండ ఒకటి కట్టి ఉంది. ఏదో పండగేమో అనుకున్నాను.

మస్తాన్‌వలి పిల్లల తొట్టిలోకి వంగి చూశాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు.

"ఏమమ్మా, అన్నీ బొగ్గు మాదిరి ఉండాయి?"

"ఒక్కటి కూడా రంగు దిగేది లేదు" అంది వదిన. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో పాత సావుకారు అరుగు మళ్లీ కనబడింది. "దిగేవన్నీ ఏరి పారేసినా."

యామిని చేతిలోని సంచి కింద పెట్టింది. "ఏమి పారేసినావు?"

"పొట్ట కింద పచ్చగా అయినవి. నలుపు పోతాండె."

"నలుపు పోవాలమ్మా" అంది యామిని. గొంతు పెంచలేదు. దానికే నాకు భయం వేసింది. "పుట్టినప్పుడు అన్నీ నల్లగానే ఉంటాయి. పెద్దయ్యే కొద్దీ నలుపు పోయి ఎరుపు వస్తాది. ముందు రంగు తిరిగేవే మంచివి. కొన్ని ఎప్పటికీ తిరగవు. నువ్వు ఆ తిరగనివి పెట్టుకోని తిరిగేవి..."

"నా దుకాణానికి వచ్చే పిల్లోళ్లు గోల్డ్ ఫిష్ అడుగుతారు. బొగ్గు ఫిష్ అడగరు" అన్నాడు మస్తాన్‌వలి. మంచివాడే, బాధగానే అన్నాడు. అట్టపెట్టెలు చంకన పెట్టుకుని లేచాడు.

వదిన బేసిన్ వైపు చూస్తూ నిలబడింది. కళ్లద్దాలు తీసింది. తుడవలేదు, చేతిలో పట్టుకుంది. అంతే.

మస్తాన్‌వలి గేటు దాకా పోయి ఆగాడు. మా ప్రహరీ పొట్టిది. అవతల గంగక్క తొట్టి మీద ఎండ పడుతోంది. రెండు వారాలుగా ఎండా, దోమ పిల్లల తిండీ దొరికిన ఆ యాభై చేపలు, అరటి పండు రంగులో, నిప్పు కణికె రంగులో, తోకలు పరుచుకుని తిరుగుతున్నాయి.

"మరి అవెవురివి?" అన్నాడు.

నాకు ఆ బకెట్ మోసిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నలుగురం గంగక్క వాకిట్లోకి పోయాం. యామిని మాట మొదలుపెట్టబోతే గంగక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు కాదమ్మే. మీయమ్మను చెప్పనీ. ఉరుకుందమ్మా, రంగు దిగేవి మంచివా, చెడ్డవా?"

అప్పుడు తట్టింది నాకు. పందొమ్మిదేళ్ల కింద, సావుకారు అరుగు మీద పాతికమంది నేతగాళ్ల ముందర, గంగక్క ఎర్రంచు చీరను తడిగుడ్డతో రుద్ది ఎడమపక్క పెట్టింది మా వదిన. గుడ్డను అందరికీ కనబడేట్టు పైకెత్తి చూపించింది కూడా. ఆ గుడ్డ నేనూ చూశాను.

మంచివే అని ఒక్కమాట అంటే చేపలు వచ్చేస్తాయి. యామిని కళ్లతోనే వాళ్లమ్మను బతిమాలుతోంది. నేను దగ్గాను.

వదిన కళ్లద్దాలు పెట్టుకుంది. "చేపకు దిగితే మంచిదంట గంగక్కా. నాకు తెల్దు. అడగాల్సింది, అడగలేదు. ఆ తప్పు నాదే. చీరకు దిగితే చెడ్డదే. ఆపొద్దు నీ చీర దిగుతాండె. ఈపొద్దు నువ్వు అడిగినా అదే చెప్తా."

పోయాయి చేపలు అనుకున్నాను. మద్రాసు ఆయన వచ్చి మా ఇంట్లో దిగడం, ఆయనకు నేను నీళ్లు మోయడం కళ్లకు కట్టింది.

గంగక్క తొట్టి వైపు తిరిగింది. "ఆ ఎరుపు రంగు మా మామ కాచింది. దిగుతాదని నాకూ తెలుసులే" అంది. "ఆ గుడ్డ పైకెత్తి చూపించేది ఏంటికి? లోపలికి పిల్చి చెప్పుంటే సరిపోయుండు గదా."

వదిన కొంగు అంచు వేళ్ల మధ్య తిప్పుకుంది. "అది తప్పే" అంది. "లోపలికి పిలవాల్సింది."

"సరే, పట్టుకోండి" అంది గంగక్క.

పట్టుకుందామని వల ముంచేసరికి పెద్ద గేదె వచ్చి తొట్టిలో మూతి పెట్టింది. అది తాగుతూనే ఉంది. చేపలు మూలకు పోయి నక్కాయి. మస్తాన్‌వలి బస్సుకు టైము చూసుకుంటున్నాడు. తోలదామని నేను చెయ్యి ఎత్తితే, "దాన్నేమనొద్దు, పాలివ్వదు" అంది గంగక్క. పందొమ్మిదేళ్లు ఎదురుచూసిన మనిషి ఇంకో పావుగంట చూడమంటే కాదనడానికి మేమెవరం? అది తాగి, తల ఎత్తి, నా చొక్కా మీద చీది, మళ్లీ తాగింది.

చివరికి తెల్ల బేసిన్ వచ్చింది. వదిన గంగక్క వాకిట్లోనే పీట వేసుకుంది. యాభై ఎనిమిదిలో కొంగలు ఎత్తుకుపోగా నలభై తొమ్మిది మిగిలాయి. నాలుగేసి చొప్పున బేసిన్‌లో వేయించుకుని, అవి మళ్లుకునే దాకా ఆగి, కుడిపక్క బకెట్, ఎడమపక్క బకెట్. అయ్యాక కుడిపక్క లెక్కబెడితే ఇరవై ఒకటి.

"నాకు ముప్పై కావాలమ్మా" అన్నాడు మస్తాన్‌వలి. "ఆపక్కవి ఇంకో తొమ్మిది వేసెయ్, తీసుకుంటానంటాండా గదా."

"ఏరినప్పుడు నల్లగా ఉండె, చిన్నవి. ఇప్పుడు పెరిగినాక తెలుస్తాండాది. దీనికి వీపు మీద గడ్డ. దీని తోక మళ్లుకునేటప్పుడు మడత పడతాండాది. వొద్దు."

"అమ్మా, ఆయనే తీసుకుంటానంటే నీకేమి?" యామిని తల పట్టుకుంది.

"ఆయన తీసుకుంటాడు. ఆయన దగ్గర కొన్నోళ్లు నా పేరు తిట్టుకుంటారు."

"నీ పేరు వాళ్లకు యాడ తెలుస్తాదమ్మా?"

"నాకు తెలుసు గదా."

మస్తాన్‌వలి ఆ ఇరవై ఒకటినీ మళ్లీ బేసిన్‌లో పోయించుకుని, మోకాళ్ల మీద కూర్చుని, చూశాడు. ఎప్పుడూ ఎక్కడికి పోయినా నాలుగో వంతు ఏరి పక్కన పెట్టడం తన అలవాటట. ఈసారి ఒక్కదాన్నీ తీయలేదు. లేచి ప్యాంటు దులుపుకుని, "మిగతా తొమ్మిదీ వచ్చే ఈతలో ఇయ్యమ్మా. బస్సు పోయిందిలే, టీ అన్నా తాపించండి" అన్నాడు.

ఎడమ బకెట్‌లోని ఇరవై ఎనిమిదీ గంగక్క తొట్టిలోకే తిరిగి పోయాయి. వీపు మీద గడ్డ ఉన్నదానికి గంగక్క పేరు కూడా పెట్టింది. ఆ పేరు ఉరుకుందమ్మ. వదినకు తెలుసు.

మస్తాన్‌వలి పోయాక యామిని గోడ మీది కాగితం కింద పెన్నుతో "రంగు" అని రాసింది. "రేపు పిల్లల తొట్టి నీళ్లు మార్చాలమ్మా. ముందు నువ్వు ఏరు" అంది. మద్రాసు ఆయన మాట మళ్లీ రాలేదు.

"ఏరతా గానీ, నాకు చెప్పనివి ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు" అంది వదిన.

యామిని ఆలోచించింది. "ఏముండాదమ్మా, పెద్దగా ఏమీ లేదు. ఈడుకొచ్చిన మగచేపలకు చెంపల మీద తెల్లగా చుక్కలు లేస్తాయి. మంచిదే అది. అట్లా ఉంటేనే మగదని తెలుస్తాది."

వదిన మెల్లగా లేచి, పెద్ద తొట్టి దగ్గరికి పోయి, ఆ వేపమండ విప్పి, కొంగు చాటున పెట్టుకుని బయటికి పోయింది.

యామిని నా వైపు తిరిగింది. "చిన్నాయనా, అదేంటికి కట్టినారు?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను. కానీ వారం నుంచీ వదిన ఇంట్లో తాలింపు ఎందుకు పెట్టనివ్వలేదో, మగచేపకు అమ్మవారు పోసిందనుకుని మా అందరికీ చప్పిడి కూడు ఎందుకు పెట్టిందో, అప్పుడే తెలిసింది.